గేటు వేయకుండా బండి నడిపారు

లక్ష్మీదేవమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. నాగర్‌కర్నూలులో ఆమెకు జరిగిన అవమానానికి తలుపు తీసింది నేనే. నా పేరు కృప, గద్వాల దవాఖానలో నర్సును. ఆరేళ్ళుగా నేనూ మా అమ్మాయీ ఆమె ఇంటి మేడ మీది గదిలో అద్దెకుంటున్నాం. నిండా జనం ఉన్న హాలులో ఒక మనిషి ఆమెను చూపించి "మా స్కూలు ఆయా" అనడం నా చెవులతో విన్నాను. ఆ మాట అన్నవాడు ఇవాళ్టికీ గద్వాల బజారులో దండలు వేయించుకుంటూనే ఉన్నాడు.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. లక్ష్మీదేవమ్మ రైల్వే గేటు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. భర్త రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఆయన జబ్బు చేసి చనిపోతే ఆ ఉద్యోగానికి బదులుగా ఆమెకు గేటు డ్యూటీ ఇచ్చారు. అప్పుడామెకు ముప్పై రెండేళ్ళు, పిల్లలు లేరు. గద్వాలకూ వనపర్తి రోడ్డు స్టేషనుకూ నడుమ, ఒక మట్టిబాట పట్టాలను దాటే చోట ఆ గేటు. చుట్టూ పత్తి చేలు, పక్కన ఒక చిన్న గది, గదిలో ఫోను. బండి బయలుదేరే ముందు స్టేషను మాస్టరు ఫోను చేస్తాడు. ఆమె గేటు వేసి, తాళం పెట్టి, వేసినట్టు గుర్తుగా ఒక అంకె చెప్పాలి. ఆయనా ఒక అంకె చెబుతాడు. రెండూ పుస్తకంలో ఎక్కిన తర్వాతే బండికి దారి. ఒక గేటు డ్యూటీలో ఎన్ని బళ్ళు వస్తే అన్నిసార్లు ఇదే పని. వినడానికి ఏమీ లేదు. కానీ ఒక్కసారి తప్పితే మనుషులు పోతారు.

గేటు వేసి ఉన్నప్పుడు అవతల ఆగిన వాళ్ళు ఆమెను తిట్టని తిట్టు లేదు. ట్రాక్టర్లవాళ్ళు, పెబ్బేరు సంతకు ఎద్దులు తోలుకుపోయేవాళ్ళు, మోటారు సైకిళ్ళ మీద పెద్దమనుషులు, అందరిదీ ఒకటే మాట: "ఇంకా బండి రాలే గదనే, తియ్యి." ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏడు ఒక పెళ్ళి జీపు వచ్చి ఆగింది. బండి కూత వినిపిస్తోంది. ఆమె తియ్యనంది. జీపులోంచి ఇద్దరు దిగి ఆమెను పక్కకు నెట్టి, తాళం పగలగొట్టి, గేటు తిప్పే చక్రం వాళ్ళే తిప్పారు. ఆపబోయిన ఆమె ఎడమచేతి రెండు వేళ్ళు ఆ చక్రం పళ్ళలో నలిగాయి. జీపు దాటింది. దాని వెనకనే బండి పోయింది. జీపులోని వాళ్ళలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.

ఆ సంగతి నాకు చెప్పినప్పుడు నేను వేళ్ళ గురించే అడిగాను. ఆమె విసుక్కుంది.

"వేళ్ళదేముంది బిడ్డ. ఆ జీపుల పసిపిల్లలున్నరు. దాటకముందు ఒకామె చంకల పిల్లను పట్టుకొని నా దిక్కే జూసింది. జీపును దాటిచ్చినందుకు వాళ్ళు నవ్విన్రు. ఆ నవ్వుడు నాకింక యాదికుంది."

రిటైరయ్యాక ఆమె రైలు జోలికి పోలేదు. ఒకరోజు మిక్సీ బాగు చేయించుకోవడానికి మా వీధి చివర ఇలియాస్ దుకాణానికి వెళ్ళింది. ఇలియాస్‌ది నాగర్‌కర్నూలు. టీవీలు, రేడియోలు, ఫ్యాన్లు బాగుచేస్తూ ఇరవై ఏళ్ళ కిందట గద్వాలకు వచ్చి స్థిరపడ్డాడు. ఆ రోజు అతని బల్ల మీద ఎవరో దుబాయి నుంచి తెచ్చిన చిన్న రైలు ఒకటి, గుండ్రటి పట్టాల మీద తిరుగుతోంది. జానెడు ఇంజను, మూడు డబ్బాలు. అచ్చం నిజం బండిని చెయ్యి పట్టేంతకు కుదించినట్టుంది. ఆమె మిక్సీ సంగతి మరిచిపోయి చాలాసేపు నిలబడి చూసింది. చివరికి అడిగింది.

"గేటేది?"

"గేటు లేదక్కా, ఇది బొమ్మ."

"గేటు లేకుంటే బండి ఎట్ల పోతది? గుండ్రంగ తిరుగుడేంది, రైలేమన్న గానుగెద్దా?"

ఇలియాస్ నవ్వాడట గానీ ఆ మాట అతన్ని వదల్లేదు. వారం తిరక్కముందే ఫోనులో ఎవరెవరో చేసిన వీడియోలు వెతికి పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. ఇల్లంతా ఆక్రమించే పెద్ద బల్ల అక్కర్లేదట. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న చెక్క పలకలు విడివిడిగా చేసుకోవాలి. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క చోటు. షరతు ఒకటే: ప్రతి పలకకూ రెండు కొసల్లో పట్టాలు సరిగ్గా ఒకే చోటికి, ఒకే ఎత్తుకు రావాలి. అప్పుడు ఏ పలకను ఏ పలకకైనా బోల్టులతో బిగించవచ్చు, కింద వైర్లు కలిపితే కరెంటు పారుతుంది. ఆట అయిపోగానే విప్పి గోడకు ఆనించుకోవచ్చు. రెండు గదుల ఇంటికి సరిపోయే రైలు.

మొదటి పలక గేటు. అది పూర్తి కావడానికి ఐదు నెలలు పట్టింది. పాత తలుపు కోసి పలక చేశారు. పట్టాలు, ఇంజన్లు హైదరాబాదు నుంచి కొంచెం కొంచెంగా తెప్పించారు. మిగిలిందంతా చేత్తోనే. ఆమె తన గేటు దాకా బస్సులో పోయి అక్కడి ఎర్రమట్టి మూట కట్టుకొచ్చి, పలచటి గుడ్డలో జల్లెడ పట్టి, బంకలో కలిపి పరిచింది. గది, గదిలో అగ్గిపుల్ల తలంత ఫోను. గేటు అవతల బాట మీద ఎద్దులు, ఎద్దుల వెనక మనిషి. ఆ మనిషి చెయ్యి ఎత్తి తిడుతున్నట్టు ఉంటాడు. "తిట్టనోడు నా గేటు కాడికి రాలే" అని ఆమే అలా చేసింది. పలక కింద ఒక మీట. నొక్కితే రెండు దిక్కులా కర్రలు కిందికి దిగుతాయి. ఇలియాస్ ఒక చమత్కారం చేస్తానన్నాడు: బండి దగ్గరికి రాగానే గేటు దానంతటదే పడేట్టు. ఆమె ఒప్పుకోలేదు.

"మనిషి వెయ్యాలె. వేసి, వేసిన్నని చెప్పాలె."

మూడేళ్ళలో ఏడు పలకలయ్యాయి. గద్వాల స్టేషను, పత్తి చేలు, కృష్ణ మీది వంతెన, గేటు, రాళ్ళ గుట్ట, వనపర్తి రోడ్డు. ఏడోది ఇలియాస్ ఒక్కడే చేసుకున్నాడు. దాని మీద ఒక చక్కటి స్టేషను, ప్లాట్‌ఫారం, టీ బండి, పసుపు రంగు పేరు పలక: నాగర్‌కర్నూలు. ఆ ఊరికి ఇప్పటికీ రైలు లేదు. చిన్నప్పటి నుంచి వస్తుంది వస్తుందని వింటూ పెరిగినవాడు. "ఆడ రాకపోతే రాకపాయె అక్కా, గీడన్న వస్తది" అన్నాడు. ఆమె దాన్ని వనపర్తి రోడ్డు పలక పక్కన బిగించి చూసింది. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. ఆ రోజు మొదటి బండి నాగర్‌కర్నూలు చేరినప్పుడు ఇలియాస్ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆదివారం మధ్యాహ్నాలు లోపలి గదిలోంచి వసారా దాకా ఏడు పలకలూ పరిచేవాళ్ళు. గద్వాలలో ఇలియాస్, వనపర్తి రోడ్డు దగ్గర నేను, నడుమ గేటు దగ్గర ఆమె. పాత ఫోన్లు మూడు. బండి పంపాలంటే నేను ముందు ఇలియాస్‌ను అడగాలి, అతను సరేనంటే ఆమెకు ఫోను చేయాలి, ఆమె గేటు వేసి అంకె చెప్పాలి, నేను రాసుకోవాలి, అప్పుడు బండి కదలాలి. పలకల ముందు కూర్చుని చూస్తే ఆమె గేటు నాకు చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అయినా ఫోనులోనే అడగాలి. ఒకసారి నేను బద్ధకించి, గేటు పడి ఉండటం కంటితో చూసి, అడక్కుండానే బండి పంపాను. ఆమె కరెంటు తీసేసింది.

"వేసిందని నీకెవ్వరు చెప్పిన్రు?"

"కనిపిస్తుంది గదా పెద్దమ్మా."

"కనిపిస్తుందని పంపొద్దు. ఇయ్యాలకు బండి లేదు, లెవ్వండి."

నిజంగానే ఆ రోజు పలకలు విప్పించింది. ఇలియాస్ నన్ను చూసి తల ఊపాడు, నీకు తగిందేలే అన్నట్టు.

ఇదంతా నేను మా అమ్మాయి బడిలో ఎవరికో గొప్పగా చెప్పాను. అదే నా తప్పు. ఒక ప్రైవేటు స్కూలు అది, పేరు రాయను. సైన్సు చెప్పే రేణుక టీచరు ఒక ఆదివారం వచ్చి చూసి, కదలకుండా కూర్చుండిపోయింది. తర్వాతి వారం బడి యజమాని శ్రవణ్ కుమార్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఆయన చెప్పులతోనే లోపలికి వచ్చాడు. మూడు జిల్లాల ప్రైవేటు బడులన్నీ కలిసి నాగర్‌కర్నూలులో సైన్సు ప్రదర్శన పెడుతున్నాయట, డిసెంబరులో. ఈ రైలును అక్కడ పెడితే జనం విరగబడి చూస్తారట.

"మీ కష్టం లోకానికి తెలవాలె అమ్మా," అన్నాడు.

ఆమె లోకం కోసం ఒప్పుకోలేదు. నాగర్‌కర్నూలు అన్న మాట విన్నాక ఇలియాస్ ముఖం చూసి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ మూడు మాటలు చెప్పింది.

"సారు, పలకలు కలిపేది నేను, ఇలియాసే. ఇంకొకరు ముట్టొద్దు. చేసినోళ్ళ పేర్లు రాయాలె. గేటు వెయ్యకుండ బండి నడపొద్దు. పిల్లలు నడుపుతమంటే నేర్పుత, నేర్చుకున్నంకనే."

"అట్లనే అమ్మా, మీరెట్ల చెప్తె అట్ల."

రేణుక టీచరు అవన్నీ కాగితం మీద రాసుకుంది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాను వచ్చి పలకలు తీసుకెళ్ళింది. నేను డ్యూటీలో ఉన్నాను. రేపు పొద్దున సారు మీకు కారు పంపుతాడని డ్రైవరు చెప్పిపోయాడట. శనివారం పొద్దున ఆరింటికే ఆమె నీలం చీర కట్టుకుని వసారాలో కూర్చుంది. ఇలియాస్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఏడయింది, ఎనిమిదయింది. కారు రాలేదు. శ్రవణ్ కుమార్ ఫోను ఎత్తలేదు. తొమ్మిదిన్నరకు మా అమ్మాయి ఫోనుకు వాళ్ళ తరగతి గుంపులో ఒక ఫోటో వచ్చింది.

ఫోటోలో మా పలకలే. వెనక పెద్ద బ్యానరు: 'స్మార్ట్ రైల్వే – మా విద్యార్థుల సొంత ఆవిష్కరణ.' కింద శ్రవణ్ కుమార్ నవ్వు ముఖం, ఇంజను కంటే నాలుగింతలు పెద్దగా. పేర్లు లేవు. ఇలియాస్ ఫోను ఆమె చేతికిచ్చాడు. లక్ష్మీదేవమ్మ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. బ్యానరు కాదు, గేటు పలక చూసింది. రెండు కర్రలూ పైకెత్తి, కిందికి దిగకుండా దారంతో కట్టేసి ఉన్నాయి.

"గేటు కట్టేసిన్రు," అంది. లేచి చెప్పులేసుకుంది. "కృపమ్మా, బస్సు జూడు."

నేను దవాఖానకు ఫోను చేసి సెలవు పెట్టాను. ఇలియాస్ దుకాణం తెరవనేలేదు. ఎర్రవల్లి చౌరస్తా, పెబ్బేరు, వనపర్తి, అక్కడ బస్సు మారి నాగర్‌కర్నూలు. దారిలో ఇలియాస్ మూడుసార్లు అన్నాడు, "అక్కా, పరేషాన్ గాకు, వాళ్ళకు మరుపయ్యిందో ఏమో" అని. మూడోసారి ఆమె అతని వైపు తిరిగింది.

"మరుపైనోడు బ్యానరు కొట్టిస్తడా ఇలియాసూ?"

మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. ఫంక్షన్ హాలు. వరుసగా బల్లలు, అట్టముక్కల అగ్నిపర్వతాలు, నీళ్ళు చిమ్మే సీసాలు. ఒక్క చోట మాత్రం జనం మూగి, ఉండుండి నవ్వులు, చప్పట్లు. ఆ గుంపులోకి నేను దారి చేసుకుంటూ ఆమెను తీసుకెళ్ళాను.

టై కట్టుకున్న ఇద్దరు పిల్లలు రైలు నడుపుతున్నారు. గేటు పైకి కట్టి ఉంది. మా ఎద్దులూ తిట్టే మనిషీ బాట మీద లేరు, పీకేశారు. వాటి చోట ఒక ప్లాస్టిక్ జీపు. రైలు వచ్చి జీపును గుద్దుతుంది, జీపు ఎగిరి పడుతుంది, జనం నవ్వుతారు. పిల్లవాడు జీపును మళ్ళీ పట్టాల మీద పెడతాడు, మళ్ళీ రైలు. ప్రదర్శన పొద్దున్నుంచీ అదేనట. ఇంజను ముందు భాగం పెచ్చులూడి ఉంది. ఇంకో ఇంజను పక్కన పడి ఉంది. పలకలు తిరగేసి కలపడం వల్ల వైర్లు అడ్డదిడ్డంగా తగిలి అది కాలిపోయింది. ఇలియాస్ దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్ళీ పెట్టేశాడు.

నేను లక్ష్మీదేవమ్మ ముఖం చూశాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రైలు మళ్ళీ కదలగానే ముందుకు వంగి పట్టాల మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఇంజను చేతికి తగిలి, చక్రాలు కాసేపు అక్కడే తిరిగి ఆగింది.

"ఎవరు బిడ్డ పంపింది?" అని బండి నడిపే మీట దగ్గరున్న అమ్మాయిని అడిగింది.

"నేనే."

"గేటు వేసిన్నని నీకెవ్వరన్న చెప్పిన్రా?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "గుద్దియ్యాలె అమ్మమ్మా. సారు చెప్పిండు. గుద్దితెనే జనం వస్తున్నరు."

అప్పటికి శ్రవణ్ కుమార్ వచ్చాడు. పక్కన బహుమతులు నిర్ణయించే ఇద్దరున్నారు, ఒకాయన రిటైరైన లెక్చరరు, ఇంకొకామె ఏదో కాలేజీ ప్రిన్సిపాలు. అంతమంది ముందు మమ్మల్ని చూసి అతను ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే, మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏం లేదు మేడం, మా స్కూలు ఆయా. సామాను సర్దనీకి వచ్చింది. అమ్మా, నువ్వు పొయ్యి ఆడ కూసో."

నా ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచే లోపల ఆమే మాట్లాడింది. గొంతు పెంచలేదు గానీ ఆ చుట్టుపక్కల అందరికీ వినపడింది.

"ఆయా పని తక్కువ పనేం గాదు సారు. అయితే నేను ఆయాను గాను. ఇరవై ఎనిమిదేండ్లు రైల్వే గేటు వేసినదాన్ని. ఈ పలకలు నేనూ, గీ ఇలియాసూ చేసినం. నువ్వు మా ఇంట్ల కూసొని మూడు మాటలకు ఒప్పుకున్నవ్. మూడూ తప్పినవ్. పేర్లు తీసేసినవ్, పోనీ. మా చేతులు లేకుండ కలిపి ఇంజను కాల్చినవ్, పోనీ. గేటు కట్టేసి పిల్లల చేత జీపును గుద్దిస్తున్నవ్. గుద్దితె నవ్వాలెనని నేర్పుతున్నవ్. దానికి మాత్రం నిన్ను ఇడువను."

"అమ్మా, బొమ్మ రైలుకు ఇంత లొల్లి ఎందుకు? ప్రైజు వచ్చినంక స్టేజి మీద నీకు శాలువ కప్పిస్త."

"నీ శాలువ నువ్వే కప్పుకో."

ప్రిన్సిపాలమ్మ మధ్యలోకి వచ్చింది. ఆమె ముఖంలో ఏదో కొంచెం ఇబ్బంది కనిపిస్తే నాకు ఆశ కలిగింది. నా ఫోనులోని ఫోటోలు తెరిచాను, మూడేళ్ళవి, తేదీలతో సహా. ఎర్రమట్టి జల్లెడ పడుతున్న లక్ష్మీదేవమ్మ, వైర్లు అతికిస్తున్న ఇలియాస్. ప్రిన్సిపాలమ్మ నాలుగు చూసి ఫోను నాకిచ్చేసింది.

"చూడండమ్మా, ఇవి మీకూ స్కూలుకూ మధ్య విషయాలు. మేము మార్కులు వేసేశాం. లిస్టు పైకి పోయింది."

మార్కులు వేసేశారు. ఒక పిల్లవాడిని పిలిచి ఈ పట్టాలకు కరెంటు ఎటు నుంచి వస్తుందిరా అని అడిగి ఉంటే చాలు, సంగతి తేలిపోయేది. ఆ మాత్రం కూడా అడగకుండా వేసేశారు. లెక్చరరు గారు తన బ్యాడ్జీ సర్దుకుంటూ పక్క బల్ల వైపు నడిచారు. ఆ ఇద్దరి వీపులు నాకు ఇప్పటికీ కనబడుతుంటాయి.

లక్ష్మీదేవమ్మ బల్ల కిందికి వంగి బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. ఇలియాస్ వైర్లు ఊడదీశాడు. శ్రవణ్ కుమార్ ఆమె భుజం దగ్గరికి వంగి, సాయంత్రం బహుమతులిచ్చేదాకా ఉంచమని మెల్లగా, తర్వాత గట్టిగా అన్నాడు. చివరికి వ్యాను ఇవ్వనన్నాడు. ఎలా తీసుకుపోతారో చూస్తానన్నాడు. మీట దగ్గరి అమ్మాయి ఏడుస్తూ బోల్టులు ఏరి నా చేతిలో పెట్టింది. రేణుక టీచరు గోడ దగ్గర నిలబడి ఉంది. నేను ఆమెనే చూస్తున్నానని ఆమెకు తెలుసు. కళ్ళు దించుకుంది.

ఇలియాస్ చిన్నాన్న కొడుకు ఇంతియాజ్‌కు నాగర్‌కర్నూలులో పరుపుల దుకాణం. ఫోను చేయగానే ట్రాలీ ఆటో తెచ్చాడు. పలకల మధ్య పరుపులు వేసి సర్దాడు. నాగర్‌కర్నూలు స్టేషను పలకను చూసి, పేరు చదివి, "భాయ్, గిది మన ఊరా?" అన్నాడు. ఇలియాస్ అవునన్నాడు. సొంత ఊళ్ళో, సొంతవాళ్ళు చూస్తుండగా రైలు నడపాలని అతను ఎన్నాళ్ళు అనుకున్నాడో నాకు తెలుసు. ఆ ఊళ్ళో ఆ రోజంతా రైలు తిరిగింది, అతను లేకుండా.

బహుమతి శ్రవణ్ కుమార్‌కే వచ్చింది. మొదటిది. బల్ల ఖాళీగా ఉన్నా వచ్చింది. సోమవారం పత్రికలో జిల్లా పేజీలో ఫోటో వేశారు. నేను ఫోటోలన్నీ జతచేసి ప్రదర్శన పెట్టినవాళ్ళకు ఉత్తరం రాశాను. మూడు వారాలకు ఒక వాక్యం జవాబు వచ్చింది: మీ ఫిర్యాదు పరిశీలనకు తీసుకోబడినది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు కాబోలు. బడికి వెళ్ళి శ్రవణ్ కుమార్‌నే నిలదీశాను. "మీకు మా స్కూలు నచ్చకుంటే పాపను తీస్కపోండి" అన్నాడు. సంవత్సరం పూర్తవగానే తీసుకొచ్చేశాను.

గేటు పలక బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. ఎద్దులు మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఆ రెండు నెలలూ లక్ష్మీదేవమ్మ ఆదివారాలు బండి నడపలేదు. ఒకరోజు నేను, "ఇంక పోనీ పెద్దమ్మా, ఆరోగ్యం పాడు చేసుకోకు" అన్నాను. నర్సులం అలవాటుగా అనే మాట.

"ఎందుకు పోనియ్యాలె?" అంది. "జీపు దాటిచ్చి నవ్వినోళ్ళను గూడ అందరూ పోనీ అన్నరు. పోనిచ్చుకుంట పోతనే గద గిట్లయింది. నాకు కోపమున్నది. ఉండనీ. అది నన్నేం జెయ్యదు."

ఫిబ్రవరిలో రేణుక టీచరు వచ్చింది. మెట్లెక్కి నా దగ్గరికి కాదు, నేరుగా ఆమె దగ్గరికే. ప్రదర్శన రోజు పొద్దున్నే గేటు కట్టొద్దని తాను చెప్పానని, సారు వినలేదని, ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకున్నానని చెప్పింది. జనవరిలోనే ఆ ఉద్యోగం మానేసి పాన్‌గల్ మండలంలో ఒక చిన్న బడిలో చేరిందట.

లక్ష్మీదేవమ్మ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది, కుర్చీ వేసింది. మాట మాత్రం మెత్తగా అనలేదు.

"నువ్వు మంచిదానివే బిడ్డ. కాని ఆ హాల్ల నోరు తెరవాల్సింది నువ్వు. నువ్వు చెప్తె ఇంటుండ్రి. నేను ఆయానని వాళ్ళు నమ్మిన్రు, నువ్వు గాదంటే నమ్మకపోతుండ్రి."

"తప్పే అమ్మా."

"తప్పే. ఇంక చెప్పు, ఎందుకొచ్చినవ్?"

తన పిల్లలకు పలకలు చేయడం నేర్పమని అడగడానికి వచ్చింది. తీసుకెళ్ళి ఎక్కడో పెట్టడానికి కాదు, వాళ్ళంతట వాళ్ళు చేసుకోవడానికి. లక్ష్మీదేవమ్మ పదిరోజుల తర్వాత ఇలియాస్‌ను వెంటబెట్టుకుని పాన్‌గల్ బస్సెక్కింది. అప్పటి నుంచి నెలకు రెండు గురువారాలు పోతోంది. మొదటి రోజంతా రైలు ఊసే ఎత్తలేదట. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఒకరు గేటు, ఒకరు స్టేషను, ఫోను ఎలా చేయాలి, అంకె ఎలా చెప్పాలి, పుస్తకంలో ఎలా రాయాలి, అదే. రెండో గురువారం ఒక పిల్లవాడు, బండి గుద్దితే ఎలా ఉంటుందో చూపించమన్నాడట. ఆమె తన ఎడమచెయ్యి అతని ముందు పెట్టిందని ఇలియాస్ చెప్పాడు.

శ్రవణ్ కుమార్ ఈ ఏడు మళ్ళీ మనిషిని పంపాడు. డిసెంబరు దగ్గర పడుతోంది గదా. ఈసారి పేర్లు పెద్దక్షరాలతో రాయిస్తాడట. వచ్చిన మనిషిని ఆమె గుమ్మం లోపలికి రానివ్వలేదు. "సారును రమ్మను. హాల్ల అన్న మాటకు హాల్లనే జవాబు చెప్పి, అప్పుడు రమ్మను" అని పంపేసింది. ఆయన రాలేదు. రాడు.

పోయిన ఆదివారం పాన్‌గల్ నుంచి రేణుకా, ఆరుగురు పిల్లలూ రెండు పలకలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చారు. ఒకటి వాళ్ళ ఊరి చెరువు కట్ట, ఇంకొకటి వాళ్ళ బడి. పిల్లలు చేసిన పని అందంగా ఉంది, నాకైతే ముద్దొచ్చింది. వసారాలో వరుస పరిచాం. కట్ట పలక మా గుట్ట పలకకు కలిసింది, బండి పోయింది, పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. బడి పలక కలవలేదు. ఒక దిక్కు పట్టా బియ్యపుగింజంత పక్కకు వచ్చింది. కొంచెం నొక్కి సర్దుదామని ఇలియాస్ అన్నాడు. పిల్లలు అంత దూరం నుంచి వచ్చారు కదా అని నేనూ అన్నాను.

లక్ష్మీదేవమ్మ వంగి వేలితో ఆ కొస తడిమి చూసి లేచింది.

"నొక్కితె బండి పోతది. కానీ పోవొద్దు," అంది. పలకను ఎత్తి, చేసిన అమ్మాయి చేతిలోనే పెట్టింది. "పని మంచిగుంది. గీ కొస పీకి మళ్ళ వెయ్యి. వచ్చే నెల తీస్కరా, కలుపుదాం."

ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది గానీ ఎక్కడ తప్పిందో చూపించమంది. ఇద్దరూ కింద కూర్చుని, పలకను బోర్లించి, కొలకర్ర పట్టుకుని చాలాసేపు చూశారు.